నక్షత్ర విస్ఫోటాలు – నక్షత్రాంతర ధూళి విధ్వంసం

నక్షత్రాల మధ్య ఉన్న చోటు మొత్తంగా ఖాళీ కాదు. అక్కడ చాలా పలుచటి వాయువు, దానిలో కలిసి తిరిగే సూక్ష్మమైన ధూళి ఉంటాయి. నక్షత్రం పేలినప్పుడు, అంటే సూపర్నోవా సంభవించినప్పుడు, దాని నుంచి బయలుదేరే అభిఘాత తరంగం ఈ వాయువును తోసుకుంటూ పోతుంది. దారిలో తగిలిన ధూళి రేణువులను అరగదీస్తుంది, పగలగొడుతుంది, ఆవిరి చేస్తుంది. రేణువులో గట్టిపడి ఉన్న సిలికాన్, ఇనుము, మెగ్నీషియం, కాల్షియం మళ్లీ విడి పరమాణువులై వాయువులో కలుస్తాయి. ఖగోళశాస్త్రంలో ధూళి విధ్వంసం అన్నప్పుడు ముఖ్యంగా ఈ ప్రక్రియనే ఉద్దేశిస్తారు. ధూళిని తయారుచేసే వాటిలోనూ సూపర్నోవాలు ఉన్నాయి, నాశనం చేసే వాటిలో మాత్రం అవే మొదటివి. ఈ రెండు పనుల లెక్క సరిపోకపోవడమే గత యాభై ఏళ్లుగా ఈ రంగాన్ని నడిపిస్తున్న చిక్కు.

ధూళి స్వరూపం

ఈ రేణువుల్లో పెద్దవి మైక్రాన్‌లో నాలుగో వంతు ఉంటాయి. అలాంటివి మూడు వందలు వరుసగా పేరిస్తే దాదాపు ఒక తలవెంట్రుక మందం అవుతుంది. చిన్నవి వీటిలో యాభయ్యో వంతు. 1977లో మాథిస్, రంప్ల్, నార్డ్‌సీక్ అనే ముగ్గురు, నక్షత్రకాంతి ఏ రంగులో ఎంత తగ్గుతోందో చూసి రేణువుల పరిమాణాల పంపిణీని లెక్కగట్టారు. సంఖ్యలో చిన్నవాటిదే పైచేయి, బరువులో పెద్దవాటిది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే విధ్వంసం రెండింటినీ ఒకేలా తాకదు.

పదార్థం విషయానికొస్తే ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి సిలికేట్లు: మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజాలు. రెండోది కార్బన్. చిత్తూరు జిల్లా పలమనేరు టెర్రకోట బొమ్మలకు వాడే బంకమట్టి కూడా సిలికేట్ల కుటుంబంలోదే, భూమి మీద నీరు దాని రూపు మార్చింది. ఆ మట్టిలో ఉన్న సిలికాన్‌లో చాలా భాగం సూర్యుడు పుట్టకముందు ఏదో ఒక దశలో ఇలాంటి రేణువుల్లో ఉండి వచ్చినదే.

నక్షత్రాంతర పదార్థపు ద్రవ్యరాశిలో ధూళి వాటా సుమారు ఒక శాతం. ఆ ఒక్క శాతం ప్రభావం మాత్రం చాలా పెద్దది. దూరపు నక్షత్రాల వెలుగును మసకబార్చేది ధూళే అని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నిరూపించాడు. హైడ్రోజన్ పరమాణువులు జంటలై అణువులుగా మారేది ఎక్కువగా రేణువుల ఉపరితలం మీదే. గ్రహాలకు ముడిసరుకూ అదే. ధూళి ఎంత ఉంది, ఎంతకాలం మిగులుతుంది అన్న ప్రశ్నలకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

ధూళి పుట్టేది ఎక్కువగా వృద్ధ నక్షత్రాల చల్లటి గాలుల్లో, కొంత సూపర్నోవాలు చిమ్మిన పదార్థంలో. ఉత్తర కిరీట ఆర్ వర్గపు నక్షత్రాలనే అరుదైన జాతి ఒకటుంది. అవి మసి లాంటి కార్బన్ ధూళిని కక్కుకుని, ఆ తెర వెనుక నెలల తరబడి మసకబారిపోతాయి. ఈ నక్షత్రాల మీద దీర్ఘకాలం పనిచేసిన వారిలో భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు ప్రముఖుడు. ఆయన పేరు ఈ వ్యాసంలో మరోసారి, ధూళి నాశనం దగ్గర వస్తుంది.

పేలుడు నుంచి ప్రశాంతత దాకా

ఒక మామూలు సూపర్నోవా గతిశక్తి రూపంలో సుమారు 10⁴⁴ జౌళ్ల శక్తిని వదులుతుంది. తొలి దశలో పదార్థం సెకనుకు పదివేల కిలోమీటర్ల వేగంతో ఎగసిపోతుంది. తను ఊడ్చుకెళ్లిన వాయువు బరువు తన బరువును మించాక వేగం తగ్గడం మొదలవుతుంది. కొన్ని వేల ఏళ్లపాటు లోపలి వాయువు లక్షల, కోట్ల డిగ్రీల వేడితో ఉంటుంది. అంత వేడి వాయువు శక్తిని వెలుగు రూపంలో అంత త్వరగా పోగొట్టుకోదు కాబట్టి బుడగ ఉబ్బుతూనే ఉంటుంది. ముప్పై నలభై వేల ఏళ్ల తర్వాత అభిఘాతం వేగం సెకనుకు 200 కిలోమీటర్ల స్థాయికి పడిపోయాక కథ మారుతుంది. వాయువు చల్లబడి పలుచటి పొరలా నొక్కుకుపోతుంది. ఆపైన ఆ పొర తన ఊపు మీద నడిచి, చివరికి చుట్టుపక్కల వాయువులో కలిసిపోతుంది.

ధూళికి ఎక్కువ నష్టం ఏ దశలో? తొలి వేల కిలోమీటర్ల వేగం దగ్గరే అని ఎవరికైనా తోస్తుంది. నిజానికి మొత్తం లెక్కలో పెద్ద వాటా ఆ తర్వాతి మధ్యస్థ వేగాలది, అంటే సెకనుకు సుమారు 50 నుంచి 200 కిలోమీటర్లది. శక్తి ఒకటే అయినప్పుడు వేగం పదో వంతుకు తగ్గితే ఊడ్చిన పదార్థం వంద రెట్లవుతుంది. తొలినాళ్ల అభిఘాతం తీవ్రమైనదే, కానీ దాని చేతికి చిక్కే వాయువు కొద్ది. ముదిరిన అభిఘాతం ఒక్కో రేణువుకు చేసే నష్టం తక్కువే అయినా, వేల సూర్యుల బరువున్న వాయువును దాటుకుంటూ వెళుతుంది.

రేణువు నశించే తీరు

మొదటిది స్పటరింగ్. వేడి వాయువులోని ప్రోటాన్లు, హీలియం కేంద్రకాలు రేణువును ఢీకొని దాని ఉపరితలం నుంచి ఒకటీ అరా పరమాణువులను ఊడగొడతాయి. వాయువు పది లక్షల డిగ్రీలు దాటిందంటే ఇది జోరందుకుంటుంది. ఘన సెంటీమీటరుకు ఒక పరమాణువు ఉన్న వేడి వాయువులో మైక్రాన్‌లో పదో వంతు రేణువు అరిగిపోవడానికి సుమారు లక్ష ఏళ్లు పడుతుంది. సాంద్రత వందో వంతైతే కాలం వంద రెట్లు. చిన్న రేణువు అంతే నిష్పత్తిలో తొందరగా పోతుంది. సూపర్నోవాలు తొలిచిన విశాలమైన పలుచటి బుడగల్లో ధూళి చాలాకాలం నిలవగలగడం ఈ సాంద్రత చలవే.

వేడితో పనిలేని స్పటరింగ్ కూడా ఉంది. అభిఘాతం తాకగానే వాయువు ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, బరువైన రేణువు మాత్రం అంత తేలిగ్గా కదలదు. అందువల్ల రేణువు, వాయువు ఒకదానితో ఒకటి పొసగని వేగాలతో ఉంటాయి. ఎదురుగా వచ్చే పరమాణువుల తాకిడికే రేణువు అరుగుతుంది. పైగా రేణువులకు విద్యుదావేశం ఉంటుంది కనుక అవి అయస్కాంత క్షేత్ర రేఖల చుట్టూ తిరుగుతుంటాయి. అభిఘాతం వెనుక వాయువు చల్లబడి నొక్కుకుపోయినప్పుడు క్షేత్రం బలపడుతుంది, దాంతో రేణువుల పరిభ్రమణ వేగమూ పెరుగుతుంది. బీటాట్రాన్ త్వరణం అనే ఈ ప్రభావాన్ని లైమన్ స్పిట్జర్ 1970లలోనే ఎత్తిచూపాడు. ముదిరిన అభిఘాతాలు కూడా ధూళిని ఎందుకు వదలవో దీనితో అర్థమవుతుంది.

ఇలా వేగం పుంజుకున్న రేణువులు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. తాకిడి వేగం సెకనుకు ఒకటి రెండు కిలోమీటర్లు దాటితే పెద్ద రేణువు ముక్కలవుతుంది. ఇరవై కిలోమీటర్ల దగ్గరికొస్తే ఆవిరవడం మొదలవుతుంది. ముక్కలవడం వల్ల ధూళి బరువు తగ్గదు, పరిమాణం మాత్రం మారుతుంది. కానీ ఆ ముక్కలు స్పటరింగ్‌కు మరింత సులువుగా దొరికిపోతాయి. ఇవి కాక, పేలిన నక్షత్రానికి మరీ దగ్గరలో ఉన్న ధూళి తొలి మెరుపు వేడికే ఆవిరైపోతుంది. ఆ పరిధి చిన్నది కాబట్టి గెలాక్సీ మొత్తం మీద అది పెద్దగా లెక్కలోకి రాదు.

సరిపోని జమాఖర్చు

లెక్కను చదువరి స్వయంగా కాగితం మీద వేసుకోవచ్చు. మన పాలపుంతలో నక్షత్రాంతర వాయువు దాదాపు 500 కోట్ల సూర్యుల బరువు. సూపర్నోవా సుమారు యాభై ఏళ్లకొకటి. ఒక్కో పేలుడు వెయ్యి సూర్యుల బరువున్న వాయువులోని ధూళిని పూర్తిగా తుడిచేస్తుందనుకుందాం. అప్పుడు వాయువు మొత్తం ఒక్క చుట్టు శుభ్రం కావడానికి 50 లక్షల పేలుళ్లు, అంటే 25 కోట్ల ఏళ్లు చాలు. చాలా సూపర్నోవాలు గుంపులుగా, ఇంతకుముందే ఖాళీ అయిన బుడగల్లో పేలతాయి కాబట్టి ఆ వృథాను తీసేస్తే కాలం కొంత పెరుగుతుంది. జోన్స్, టీలెన్స్, హాలెన్‌బాక్ 1996లో ఇచ్చిన అంచనా సిలికేట్లకు 40 కోట్ల ఏళ్లు, కార్బన్‌కు 60 కోట్ల ఏళ్లు.

జమ వైపు చూస్తే, నక్షత్రాలు తమ ధూళితో గెలాక్సీని ఒకసారి నింపడానికి 200 నుంచి 300 కోట్ల ఏళ్లు తీసుకుంటాయి. నింపే వేగం కన్నా ఖాళీ అయ్యే వేగం అయిదారు రెట్లు. ఇదే నిజమైతే మనకు కనిపించే ధూళిలో అత్యధిక భాగం ఉండకూడదు. కానీ ఉంది. వాయువులో సిలికాన్, ఇనుము, కాల్షియం ఉండవలసినంత లేవంటే అవి రేణువుల్లో దాగున్నట్టే.

ఈ చిక్కుకు రెండు జవాబులున్నాయి. ఒకటి: ధూళి నక్షత్రాల్లో పుట్టడంతో ఆగిపోదు, చల్లటి మేఘాల్లో విడి పరమాణువులు మిగిలిన రేణువుల మీద పేరుకుని ధూళి మళ్లీ పెరుగుతుంది. బ్రూస్ డ్రెయిన్ ఈ వాదాన్ని గట్టిగా సమర్థించాడు. అతని లెక్కలో నేటి ధూళిలో ఎక్కువ భాగం నక్షత్రాలు చేసింది కాదు, మేఘాల్లో తిరిగి పెరిగింది. రెండో జవాబు: విధ్వంసాన్ని మనం ఎక్కువగా అంచనా వేస్తున్నాం. 2015లో స్లావిన్, డ్వెక్, జోన్స్ సూపర్నోవా అవశేషం కాలక్రమంలో మారే తీరును పూర్తిగా లెక్కలోకి తీసుకుని, సిలికేట్ల ఆయువు 200 నుంచి 300 కోట్ల ఏళ్లు ఉండవచ్చని చూపారు. ఆయువు అంతైతే జమాఖర్చు దాదాపు సరిపోతుంది. కానీ అదే ఏడు మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మెగెల్లానిక్ మేఘంలోని అవశేషాలను పరారుణ కాంతిలో పరిశీలించిన టెమిమ్ బృందం అక్కడ ధూళి ఆయువు కొన్ని కోట్ల ఏళ్లే అని తేల్చింది. సిద్ధాంతం ఒకవైపు, పరిశీలన మరొకవైపు లాగుతున్నప్పుడు మేఘాల్లో పెరుగుదలను ఒప్పుకోక తప్పేలా లేదు. అలా పెరిగేటప్పుడు సిలికేట్, కార్బన్ వేరువేరు రేణువులుగా ఎలా నిలుస్తాయన్నది మాత్రం ఆ వాదానికి ఇంకా గుచ్చుకుంటున్న ముల్లు.

దక్షిణాకాశంలో సాక్ష్యం: వేలా

చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కితే వచ్చే పలమనేరు సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన ఉంది. అక్షాంశం 13.2 డిగ్రీలు. అందువల్ల ఉత్తర భారతీయులకు దిగంతం దగ్గరే మసకబారిపోయే దక్షిణాకాశం ఇక్కడివారికి చక్కగా కనబడుతుంది. మార్చి నెల మధ్యలో రాత్రి తొమ్మిది గంటలకు దక్షిణం వైపు తిరిగితే, అప్పటికే పడమటికి వాలిన అగస్త్య నక్షత్రానికి ఎడమగా, దిగంతం నుంచి సుమారు 32 డిగ్రీల ఎత్తున వేలా రాశి ఉంటుంది. దాదాపు 11 వేల ఏళ్ల కిందట అక్కడ ఒక నక్షత్రం పేలింది. దూరం సుమారు 950 కాంతి సంవత్సరాలు. మిగిలిన న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు పదకొండు సార్లు తిరిగే పల్సార్‌గా 1968లో దొరికింది. అవశేషం ఆకాశంలో ఎనిమిది డిగ్రీల మేర పరుచుకుంది, అంటే పదహారు నిండు చందమామల వెడల్పు. కంటికి మాత్రం కనిపించదు.

అంత పెద్దది, అంత దగ్గరిది కావడంతో ధూళి విధ్వంసానికి వేలా మంచి ప్రయోగశాల. దాని లోపలా వెనకా ఉన్న వేడి నక్షత్రాల కాంతి అవశేషం గుండా మనకు చేరుతుంది. దారిలోని వాయువు ఆ కాంతిలో సన్నని నల్లటి గీతలను వదులుతుంది. ఈ గీతల చరిత్ర పాతది. ఓరియన్‌లోని డెల్టా నక్షత్రం వర్ణపటంలో కదలని కాల్షియం గీతను 1904లో యోహానెస్ హార్ట్‌మన్ గుర్తించాడు. నక్షత్రాల మధ్య వాయువు ఉందనడానికి అదే తొలి ఆధారం.

1952లో రౌట్లీ, స్పిట్జర్ ఒక వింత గమనించారు. నెమ్మదిగా కదిలే మేఘాల్లో కాల్షియం గీత బలహీనంగా, సోడియం గీత బలంగా ఉంటుంది. వేగంగా కదిలే మేఘాల్లో కాల్షియం పాలు బాగా పెరుగుతుంది. కాల్షియం రేణువులకు గట్టిగా అంటుకునే మూలకం. మామూలు మేఘంలో దానిలో వెయ్యో వంతు కూడా వాయువులో మిగలకపోవచ్చు. సోడియం అలా కాదు, చాలావరకు వాయువులోనే ఉంటుంది. మేఘానికి వేగం వచ్చిందంటే దాన్ని ఏదో అభిఘాతం తోసిందన్నమాట. ఆ తోపులోనే రేణువులు చిట్లి కాల్షియం బయటపడింది. అంటే 393.4 నానోమీటర్ల దగ్గరి కాల్షియం గీతను, 589 దగ్గరి సోడియం జంటను పోల్చి ఒక మేఘంలో ధూళి ఎంత దెబ్బతిందో అంచనా కట్టవచ్చు.

వేలా దిక్కున సెకనుకు వంద కిలోమీటర్ల స్థాయి వేగంతో కదిలే మేఘాలను 1971లో వాలర్‌స్టైన్, సిల్క్ చూపారు. కోపర్నికస్ ఉపగ్రహం అతినీలలోహిత వర్ణపటాలు ఇచ్చాక జెంకిన్స్‌తో కలిసి ఆ మేఘాలను మరింత లోతుగా పరిశీలించారు. 1990లలో చా, సెంబాక్ ఆ దిక్కున ఉన్న చాలా నక్షత్రాల సోడియం, కాల్షియం గీతలను నమోదు చేశారు.

ఇదే పనిని మళ్లీ అందుకున్న వేధశాల పలమనేరుకు పొరుగునే ఉంది. తమిళనాడులోని జవ్వాది కొండల్లో ఉన్న కావలూరు పలమనేరుకు దాదాపు నేరుగా దక్షిణాన, గాల్లో లెక్కిస్తే సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి వేధశాలకు ఖగోళశాస్త్రవేత్త వేణు బప్పు పేరు పెట్టారు. ఆయన కుటుంబం కేరళది అయినా, తండ్రి బేగంపేట నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో బప్పు పెరిగింది, చదివింది హైదరాబాదులో. 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 జనవరి 6న జాతికి అంకితమైంది, దాన్ని తలపెట్టిన బప్పు అప్పటికి మూడేళ్ల కిందటే కన్నుమూశారు. గత దశాబ్దంలో కామేశ్వరరావు, మునీర్, డేవిడ్ లాంబర్ట్, వర్గీస్ ఈ టెలిస్కోపుతోనే వేలా దిక్కు నక్షత్రాల వర్ణపటాలను తిరిగి తీసి, చా, సెంబాక్ తీసిన వాటితో పోల్చారు. కొన్ని నక్షత్రాల దిక్కున గీతల రూపమే మారింది. నక్షత్రాంతర మేఘాల్లో మార్పు అంటే సాధారణంగా వేల, లక్షల ఏళ్ల వ్యవహారం. ఇక్కడ అది రెండు దశాబ్దాల్లోపే కనిపించింది. దక్షిణాకాశాన్ని అందుకునే అక్షాంశం, ఏళ్ల తరబడి ఒకే పని మీద ఓపిగ్గా కూర్చునే మనుషులు ఉంటే మధ్యతరహా టెలిస్కోపు కూడా ఎంత పనికొస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మన దగ్గర తక్కువ.

అరుగుదలను కొలిచిన చోటు

వేలాలో దొరికేది ధూళి నశించాక మిగిలిన జాడ. అరుగుతుండగా చూసింది ఉత్తరాకాశంలోని హంస వలయం అనే సూపర్నోవా అవశేషం దగ్గర. వేడి వాయువులో చిక్కిన రేణువు తాకిళ్లకు వేడెక్కి పరారుణ కాంతిలో వెలుగుతుంది. చిన్న రేణువులు ఎక్కువ వేడెక్కుతాయి, ముందుగా అంతరించిపోయేదీ అవే. కాబట్టి అభిఘాతం అంచు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వెలుగు రంగు మారాలి. రవి శంకృత్ బృందం 2010లో స్పిట్జర్ టెలిస్కోపు చిత్రాల్లో సరిగ్గా అదే చూసింది. 70 మైక్రాన్ల వెలుగుకు, 24 మైక్రాన్ల వెలుగుకు ఉన్న నిష్పత్తి అంచు దగ్గర 14 ఉంటే లోపల 22కు పెరిగింది. నమూనాలతో సరిచూస్తే, అభిఘాతం వెనుక అర కాంతి సంవత్సరంలోపే ధూళి బరువులో సుమారు 35 శాతం పోయినట్టు తేలింది. వేడితో పనిలేని స్పటరింగ్ వాటా కూడా అందులో గణనీయమని వారు గుర్తించారు.

తన బిడ్డను తానే

1987 ఫిబ్రవరి 24న పెద్ద మెగెల్లానిక్ మేఘంలో కనిపించిన సూపర్నోవా 1987ఏ, దాదాపు నాలుగు శతాబ్దాల్లో మనకు అతి దగ్గరగా కనిపించిన సూపర్నోవా. కావలూరు నుంచి ఆ మేఘం దిగంతానికి ఎనిమిది డిగ్రీల కన్నా పైకి లేవదు. అంత కిందికి వంగి, దట్టమైన వాతావరణం గుండా చూడాల్సి వచ్చినా కావలూరు శాస్త్రవేత్తలు వర్ణపటాలు తీసి అదే ఏడాది ప్రచురించారు. ఏడాదిన్నర తిరిగేసరికి అది చిమ్మిన శకలాల్లో ధూళి గడ్డకట్టిన జాడలు కనిపించాయి. 2011లో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలనలు అక్కడ సూర్యుడి బరువులో సగం అటూఇటూ చల్లటి ధూళి ఉందని తేల్చాయి.

అయితే ఇంత ధూళీ బయటి ప్రపంచానికి చేరుతుందని కాదు. అవశేషం బయటి వాయువును ఢీకొన్నప్పుడు ఒక అభిఘాతం వెనక్కి, లోపలి శకలాల వైపు మళ్లుతుంది. అది కొత్తగా పుట్టిన ధూళిని తాకి తన సొంత బిడ్డనే నలిపేస్తుంది. 2007లో బియాంకి, ష్నైడర్ వేసిన లెక్కలో మిగిలేది 2 నుంచి 20 శాతమే. చుట్టూ ఉన్న వాయువు ఎంత దట్టంగా ఉంటే అంత తక్కువ మిగులుతుంది. పదార్థం గడ్డలుగా ఉంటే, రేణువులు పెద్దవైతే కాస్త ఎక్కువ దక్కుతుంది. సుమారు 350 ఏళ్ల వయసున్న కాసియోపియా ఏలో ఈ వెనుదిరిగిన అభిఘాతం ఇప్పుడు శకలాలను తొలుస్తూనే ఉంది. మొత్తం మీద ఒక సూపర్నోవా చేసే ధూళి గరిష్ఠంగా సూర్యుడి బరువులో కొంత భాగం, చెడగొట్టే ధూళి కొన్ని సూర్యుల బరువు. దాన్ని ధూళి కర్మాగారం అని మాత్రమే రాసే పాఠ్యపుస్తకాలు సగం సంగతే చెబుతున్నాయి.

తప్పించుకున్నవి

కొన్ని రేణువులు ఇవన్నీ దాటి వచ్చాయి. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో సూర్యుడికన్నా ముందే పుట్టిన సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. విశ్వకిరణాలు వాటిలో మిగిల్చిన నియాన్ ఆధారంగా ఫిలిప్ హెక్ బృందం 2020లో వాటి వయసు లెక్కగట్టింది. ఎక్కువ భాగం సూర్యుడికన్నా ముప్పై కోట్ల ఏళ్లలోపు పెద్దవి. ఇది 1996 నాటి ఆయువు అంచనాకు దగ్గరగానే ఉంది. కొన్నిటి మొత్తం వయసు మాత్రం 700 కోట్ల ఏళ్ల స్థాయిది. ఇవి మైక్రాన్లలో కొలవదగ్గ పెద్ద రేణువులు, పదార్థం కూడా గట్టిది. సాధారణ ధూళికి ఇవి ప్రతినిధులు కావు.

ఇంకొక రకం సాక్ష్యం సముద్రగర్భంలో ఉంది. ఇనుము-60 అనే రేడియోధార్మిక ఐసోటోపు అర్ధాయువు 26 లక్షల ఏళ్లు. కాబట్టి 450 కోట్ల ఏళ్ల కిందట భూమితో పాటు పుట్టినది ఇప్పుడు మిగిలే అవకాశం లేదు. అయినా పసిఫిక్ అడుగున ఉన్న మాంగనీస్ పొరల్లో 20 నుంచి 30 లక్షల ఏళ్ల కిందటి మట్టంలో అది దొరికింది. దగ్గర్లో పేలిన ఏ సూపర్నోవా నుంచో వచ్చిందనడంలో ఇప్పుడు పెద్దగా వివాదం లేదు. వాయు రూపంలోని ఇనుమును సౌరపవనం అడ్డుకుంటుంది. అందువల్ల అది భూమికి చేరిందంటే, పేలుడు రేపిన అభిఘాతాలను తట్టుకుని మిగిలిన ధూళి రేణువుల్లోనే చేరింది.